అక్క నడిపిన బండి

మొదటి బండివాడు ఇంకా తాళమైనా తీయలేదు, బావ బానెట్ మీద అరచేయి ఆనించి "వేడిగా ఉందే" అన్నాడు. అమ్మేవాడు నీళ్ళు నమిలాడు. కొనేవాళ్ళు వచ్చేలోపు ఇంజను ఒకసారి తిప్పి వేడెక్కించి పెట్టారంటే అందులో ఏదో మతలబు ఉన్నట్టేననీ, చల్లటి ఇంజను అందుకునేటప్పుడే లోపలి గొలుసు వదులై గలగలమంటుందో లేదో తెలుస్తుందనీ బావ పక్కనున్న మరదలికి వివరించాడు. వివరించింది మరదలికే అయినా విన్నది వీధి మొత్తం. తర్వాత ఇంజన్‌లో నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, కొసన అంటిన నూనెను వేళ్ళ మధ్య రాసి చూసి, "నూనె కాదు, తారు" అని పుల్ల మళ్ళీ లోపలికి దోపాడు. ఇక ఆ బండి చుట్టూ తిరిగి చూడను కూడా లేదు.

మరదలు పశువుల డాక్టరు. కొండ కింద ఆసుపత్రిలో ఉద్యోగం. ఆసుపత్రికి నడిచి వచ్చే పశువుల కంటే ఆమె వెళ్ళి చూడాల్సినవే ఎక్కువ. పైనున్న పాకలకు పోయే దారి వానలు పడితే దారి కాదు, వాగు. ఇన్నాళ్ళూ స్కూటరు ఎక్కినంత మేర ఎక్కించి, ఆపైన మందులపెట్టె భుజాన వేసుకుని నడిచింది. పోయిన నెల ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, ఆమె బురదలో పడుతూ లేస్తూ చేరేసరికి ఆవూ దక్కలేదు, దూడా దక్కలేదు. ఆ ఇంటివాళ్ళు ఆమెను ఒక్క మాట అనలేదు. కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చారు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి కొనాలని ఆ వారమే నిశ్చయించుకుంది. కొత్తది కొనే తాహతు లేదు. పాతది కొనాలంటే తెలిసినవాడు పక్కన ఉండాలి. వాళ్ళ కుటుంబంలో ఆ తెలిసినవాడు అక్క మొగుడే. ఆయన చేసేది టైల్స్ వ్యాపారమే అయినా, చుట్టాల్లో ఎవరు బండి కొన్నా ముందు ఆయన తల ఊపాలి.

రెండో బండి ఒక రిటైరైన పెద్దమనిషిది. అద్దంలా తుడిచి పెట్టుకున్నాడు. బావ డ్రైవరు సీటు పక్కన వంగి, కాళ్ళ కింద పరిచిన తివాచీ మీద అరచేత్తో గట్టిగా నొక్కి, ఆ చేయి వాసన చూశాడు. ఈ పెద్ద బండ్లకు పైకప్పులో కిటికీ ఉంటే దాని నీళ్ళు దిగే సన్నటి గొట్టాలు చెత్తతో పూడుకుపోతాయట. వాననీళ్ళు లోపలికి దిగి, తివాచీ కిందున్న వైర్లు కుళ్ళిపోతాయట. "ఇది బండా, చేపల తొట్టా?" అని అడిగాడు. పెద్దమనిషి ముఖం ఎర్రబడింది. తనకు తెలియదనీ, కావాలంటే బాగు చేయించి ఇస్తాననీ గొణిగాడు. బావ వినలేదు. తెలియకపోవడం ఏమిటి, తెలిసే దాచారు, మీ వయసుకు తగిన పని కాదు అని ముఖం మీదే అనేశాడు. డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. గేటు దాటాక, అంత మాట అనక్కర్లేదు కదా అంది. "దొంగని దొంగ అనకపోతే దొర అంటామా?" అన్నాడు బావ.

మూడోది కొత్తగా పెళ్ళయిన ఒక జంటది. బావ బండిని మట్టిలోకి దింపించి, నాలుగు చక్రాలకూ బలం పంచే లివరు వేయమన్నాడు. లివరు పడలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ వాడకపోతే అది అలాగే బిగుసుకుపోతుందనీ, అది విప్పి బాగు చేయించాలంటే సగం బండి కొన్నంత ఖర్చవుతుందనీ చెప్పాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. బావ ఆమె మాట సాగనివ్వకుండా మొగుడితోనే మాట్లాడి, మోసగాళ్ళకు వయసుతో పనిలేదని ముక్తాయించి వచ్చేశాడు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర డాక్టరు నీరసంగా కూర్చుంది. ఈ లోకంలో మంచి బండి అన్నది లేదనీ, ఉన్నా తన చేతికి రాదనీ అనిపించింది. అప్పుడు బావ గ్లాసు కింద పెట్టి నిట్టూర్చాడు.

"ఎందుకు తిరగడం? మాది తీసుకో."

ఆమె ఉలిక్కిపడింది. ఆ పెద్ద బండి అక్క నడిపేది, బావ తిరిగేది తన చిన్న కారులో. పిల్లల్ని బడికి తీసుకెళ్ళేది అందులోనే. అక్కకు ఇబ్బంది కదా అంది. బావ నవ్వాడు. మీ అక్కకు అంత బండి ఎందుకు, గేటు స్తంభానికి తగలకుండా బయటికి తీస్తే ఆ రోజు ఇంట్లో మిఠాయి పంచుకుంటున్నాం అన్నాడు. అక్క డ్రైవింగు మీద ఇంట్లో జోకులు అందరికీ అలవాటే. డాక్టరు కూడా నవ్వింది. ధర బయటివాళ్ళకంటే తక్కువే చెప్పాడు. సొంత మనిషివి, నీ దగ్గర లాభం చూసుకుంటానా అన్నాడు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

*

బండి ఇచ్చే రోజు అక్క తెల్లవారుజామునే లేచి లోపలంతా తుడిచింది. వెనక సీటు మడతల్లోంచి పిల్లల రంగు పెన్సిళ్ళూ, ఒక బొమ్మ చెయ్యీ, ఎండిపోయిన నారింజ తొక్కా తీసి కొంగులో వేసుకుంది. బయటంతా మిలమిలలాడుతోంది. కింది నుంచి కొత్త రంగు వాసన వస్తోంది. అడుగుభాగానికి నల్లరంగు వేయించాననీ, కొండదారి కదా, రాళ్ళు తగిలినా ఏం కాదనీ బావ చెప్పాడు. ఎంత ముందుచూపు అనుకుంది డాక్టరు.

అక్క తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు.

"గుంటలొస్తే మెల్లగా దింపు బుజ్జీ. నేను గబుక్కున దింపేస్తానని మీ బావ ఒకటే తిట్టడం. నువ్వైతే జాగ్రత్తగా నడుపుతావు."

మొదటి మూడు రోజులు డాక్టరుకు రాజ్యం వచ్చినట్టే ఉంది. మందులపెట్టె, తాళ్ళు, బకెట్లు, రబ్బరు బూట్లు అన్నీ వెనక పడేసి, చీకటి పడకముందే మూడు పాకలు చూసి వచ్చేది. లివరు వేస్తే బండి ఎనుబోతులా ఎంత ఎత్తయినా ఎక్కేసేది. ఏసీలోంచి నీళ్ళు కారి కాలు తడిసేది, ఎడమ అద్దం సగం దిగి ఆగిపోయేది. పాత బండి అన్నాక ఇవన్నీ ఉండవా అని సరిపెట్టుకుంది. వెనక చక్రాలు గుంటలో పడ్డప్పుడు మాత్రం ఒక శబ్దం. కటక్. ముందు బకెట్టు అనుకుంది. బకెట్టు తీసి ముందు సీట్లో పెట్టింది. అయినా కటక్.

నాలుగో రోజు పైపాకలో ఒక ఆవు కుంటుతోందంటే వెళ్ళింది. వాన సన్నగా పడుతోంది. ఆవు కాలు మడిచి తాడుతో గుంజకు కట్టించి, గిట్ట కడిగి, వంపు కత్తితో పై పెచ్చు పొరపొరగా చెక్కింది. పైకి రాయిలా ఉంది. లోపల చీము. అది మొత్తం తీసి, మందు పెట్టి, గుడ్డ చుట్టేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా కంపు కొడుతున్నాయి. పాడిరైతు వేడి టీ ఇచ్చాడు. తాగి బయల్దేరింది.

దిగేటప్పుడు ఒక మలుపులో వెనక చక్రం గుంటలో పడింది. ఈసారి కటక్ కాదు. ఇనుము లాగి వదిలినట్టు పెద్ద చప్పుడు. బండి వెనకభాగం ఒక పక్కకు జారి, మళ్ళీ సర్దుకుంది. బ్రేకు నొక్కి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, రబ్బరు కోటు తడి నేల మీద పరిచి వెల్లకిలా కిందికి జరిగింది. ఆవుల కిందికీ గేదెల కిందికీ దూరి అలవాటైన మనిషి, బండి కిందికి దూరడం ఇదే మొదలు.

పైన అంతా నల్లగా, నున్నగా, కొత్తగా ఉంది. బండి బరువంతా మోసే పొడవాటి ఇనుప దూలాలు రెండు ముందు నుంచి వెనకదాకా సాగి ఉన్నాయి. వెనక చక్రాల ఇరుసు వచ్చి కుడి దూలానికి తగులుకునే చోట నల్లరంగు సన్నగా చిట్లి ఉంది. ఆమె జేబులోంచి గిట్టల కత్తి తీసి ఆ చిట్లిన చోట మొనతో గీసింది. రంగు పెచ్చుగా ఊడింది. కింద ఇనుము లేదు. గోధుమరంగు పొరలు, తడిసిన అట్టముక్క లాగా. కత్తి మొన కాస్త నొక్కితే పిడిదాకా దిగిపోయింది. తుప్పు ఆమె ముఖం మీద, కళ్ళల్లో, నోట్లో రాలింది.

ఆమె ఉమ్మేసి, అలాగే పడుకుని ఉంది. ఆ దూలం సరిగ్గా వెనక సీటు కింద ఉంది.

పైన పటారం, లోన లొటారం. సామెత గుర్తొచ్చింది కానీ నవ్వు రాలేదు. ఆదివారం చూసిన మూడు బండ్లూ వరసగా కళ్ళముందు తిరిగాయి. బావ బానెట్ ఎత్తాడు, తివాచీ నొక్కాడు, లివరు లాగించాడు. ఒక్క బండి కిందికి కూడా తల వంచి చూడలేదు. ఆ పెద్దమనిషి ఎర్రబడ్డ ముఖం గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

*

ఆ మలుపు నుంచి గ్యారేజీ దాకా ఆమె బండిని నడిచిపోయే మనిషి వేగం దాటనివ్వలేదు. మెకానిక్కు బండిని గోతి మీదికి ఎక్కించి, దీపం పట్టుకుని కిందికి దిగి, సుత్తితో అక్కడక్కడ కొట్టాడు. కొన్నిచోట్ల ఠంగుమంది. కొన్నిచోట్ల డొల్లగా మోగింది. పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ, ఇది వెల్డింగుకు అందే స్థితి దాటిపోయిందన్నాడు. పట్టీ వేయాలంటే పట్టుకోవడానికి మంచి ఇనుము ఉండాలి కదా అన్నాడు. ఉప్పుగాలి తగిలిన బండ్లకూ, బురదలో తిరిగి కడగని బండ్లకూ ఇది వచ్చే రోగమే. కొనేముందు కింద చూడాల్సింది.

"ఈ రంగు తుప్పు రాకుండా వేసింది కాదండీ, కనపడకుండా వేసింది" అన్నాడు. "తుప్పు గోకకుండానే మీద పూసేశారు. దీన్ని మళ్ళీ కొండెక్కించొద్దు."

ఊడిన తుప్పు పెచ్చు ఒకటి ఆమె దూది గుడ్డలో చుట్టి సంచీలో వేసుకుంది.

ఇంటికి వెళ్ళి ఒళ్ళు కడుక్కుంటున్నంతసేపూ ఏమని అడగాలో కూడబలుక్కుంది. అడక్కుండా ఊరుకుంటే? ఊరుకోవడానికి కారణాలు బోలెడు కనిపించాయి. అక్క సంసారం, పిల్లల ముఖాలు, నలుగురిలో మాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. పట్టుకుంటే ఇల్లు కూలుతుందని అందరూ కళ్ళు మూసుకుంటారు. ఈ ఆలోచన రాగానే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. తల తుడుచుకోకుండానే బయల్దేరింది.

*

ఆమె వెళ్ళేసరికి అక్క గోడవారగా నిలబడి పిల్లల బడి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పిల్లలు పక్కింట్లో ఆడుకుంటున్నారు. బావ బల్ల దగ్గర కూర్చుని కొత్త టైల్సు నమూనాలు ముందేసుకుని చూసుకుంటున్నాడు. మరదల్ని చూసి, ఏం డాక్టరమ్మా, బండి ఎలా ఉంది అని హుషారుగా పలకరించాడు. బావతో విడిగా మాట్లాడాలని దారంతా అనుకుంది కానీ, ఆ హుషారు చూశాక ఆగలేకపోయింది. దూది గుడ్డ విప్పి టైల్సు మీద పెట్టింది. పెచ్చు విరిగి పొడి రాలింది.

బావ దాన్ని ముట్టుకోలేదు. ఏమిటిది అని కూడా అడగలేదు. అడగకపోవడం డాక్టరు గమనించింది.

పాత బండి అన్నాక కాస్త తుప్పు ఉండదా అని మొదలుపెట్టాడు. ఈ మెకానిక్కులు పని కోసం ఏదో ఒకటి చెబుతారన్నాడు. కింద ఏముందో తనకేం తెలుసు, తానేమన్నా కిందపడి దొర్లానా అన్నాడు. డాక్టరు అన్నీ విని, గొంతు పెంచకుండా అడిగింది.

"తెలియకపోతే కింద మాత్రమే రంగు ఎందుకు వేయించారు బావగారూ?"

బావ ఒక టైలు తీసి ఇంకో టైలు మీద పెట్టాడు. మళ్ళీ దాన్ని తీశాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడినట్టుంది ఆయన వాలకం. అంతలోనే ఏదో దొరికినట్టు ముఖం విచ్చుకుంది. ఇక దీనికి తిరుగులేదన్నట్టు వెనక్కి వాలాడు.

"అయితే ఏమైందట? రెండేళ్ళుగా మీ అక్క తిరగట్లేదా అందులో, ఇద్దరు పిల్లల్నీ వేసుకుని, రోజూ? ఏమైంది? నిక్షేపంలా ఉన్నారా లేదా?"

అన్నాక గానీ ఆ మాట ఎక్కడ పడిందో ఆయనకు తెలియలేదు.

అక్క ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టింది. పాప గౌను కాలర్ సగమే అయింది. ఆమె ఇటు తిరగలేదు. గౌనుకేసే చూస్తూ అడిగింది.

"రెండేళ్ళుగా తెలుసా మీకు?"

తెలుసంటే, ఎప్పుడో సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎవడో అన్నాడు, వాళ్ళు అంటూనే ఉంటారు, అవన్నీ పట్టించుకుంటే బండి నడిపినట్టే అన్నాడు బావ. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"మీరు చిన్న కారు కొనుక్కుంది అప్పుడే."

"దానికీ దీనికీ ఏం సంబంధం? పెద్ద బండి నీదేనంటే ఎగిరి గంతేశావు కదా. అందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నావు."

"చెప్పుకున్నాను" అంది అక్క. ఆ ఒక్క మాటా ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "వెనక కటకటమంటోందని చెప్పాను మీకు. బడి దగ్గర మలుపులో. ఎన్నిసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా నీకు నడపడం రాదు, గుంటల్లో దింపడం రాదు అన్నారు. పిల్లల ముందు అన్నారు. చుట్టాల్లో అన్నారు."

బావ ఇప్పుడవన్నీ ఎందుకన్నాడు.

డాక్టరు తనకు జరిగిన అన్యాయాన్ని అడగడానికి వచ్చింది. నాలుగు రోజుల అన్యాయం. దాన్ని అక్క ముందు పెట్టి పోల్చుకోవడానికి కూడా సిగ్గేసింది. అక్క నడిపేటప్పుడు గేటు దగ్గర భయం భయంగా అద్దాల్లోకి చూసుకోవడం, రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకోవడం, అందరూ నవ్వితే తనూ నవ్వడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెద్ద రోడ్డు మీద నడపడం అక్క ఎప్పుడో మానేసింది. నావల్ల కాదు బుజ్జీ అనేది.

అక్క ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. గౌను అలాగే మడతపెట్టింది, సగం కాలర్‌తోనే. పిల్లలకు అన్నం వేళైందని చెప్పి లోపలికి వెళ్ళింది.

బావ ఆ సాయంత్రమే డబ్బు మరదలి ఖాతాకు తిప్పి పంపించేశాడు. ఇక సరిపోయిందిగా, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ అని ఫోన్‌లో చెప్పాడు. అంటే ఆయన దృష్టిలో అది ఒక బేరం, బేరం చెడింది, అంతే. డాక్టరు ఫోన్ పెట్టేసి చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగింది. బావ మీద కోపం సరే, అక్క మీద కూడా కోపం వచ్చింది. ఏమీ అనకుండా అన్నం పెట్టడానికి వెళ్ళిపోయిందే అని.

*

మర్నాడు మధ్యాహ్నం ఆమె బండిలో ఉండిపోయిన మందులపెట్టె తెచ్చుకుందామని గ్యారేజీకి వెళితే బండి అక్కడ లేదు. పొద్దునే తీసుకుపోయారని మెకానిక్కు చెప్పాడు. బావ స్వయంగా రాలేదట. దుకాణంలో సామాను మోసే మనిషిని పంపి నడిపించుకు పోయాడట. తన చేతులకు అంటుకుంటుందేమో అన్నట్టు. డాక్టరు స్కూటరు తిప్పుకుని అక్కవాళ్ళింటికి వెళ్ళింది.

గేటు లోపల పెద్ద బండి కడిగి నిలబెట్టి ఉంది. పక్కనే ఒక లావుపాటి మనిషి తలుపు తెరిచి సీట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన రాళ్ళ క్వారీ కాంట్రాక్టరు. పనివాళ్ళను కొండమీదికి చేర్చడానికి బండి కావాలట. బావ బానెట్ ఎత్తి పెట్టి, ఇంజను గడియారంలా తిరుగుతుంది, ఫోర్‌వీల్ లివరు వెన్నలో కత్తిలా పడుతుంది, మా ఆవిడ నడిపిన బండి, గీత కూడా పడలేదు అని చెబుతున్నాడు. మరదలు గేట్లోకి రావడం చూసి కళ్ళతోనే వారించాడు. ఆమె స్కూటరు స్టాండు వేసింది. ఇక ఊరుకునేది లేదని నోరు తెరవబోతుండగా ఇంట్లోంచి అక్క బయటికి వచ్చింది.

అక్క ఒక చేతిలో గోనెపట్టా ఉంది, ఇంకో చేతిలో మేకులు కొట్టే సుత్తి. ఎవరితోనూ మాట్లాడకుండా వెనక చక్రం పక్కన గోనెపట్టా పరిచి, దాని మీద పడుకుని, భుజాలతో జరుగుతూ బండి కిందికి వెళ్ళింది. బయటికి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక కాలి చెప్పు ఊడి పక్కన పడింది.

"ఏం చేస్తున్నావు నువ్వు? లే" అన్నాడు బావ.

లోపల్నుంచి సుత్తి దెబ్బ వినిపించింది. ఠంగ్. ఇంకొంచెం ఇవతల, ఠంగ్. తర్వాత ఒక మెత్తటి దెబ్బ, శబ్దం లేనట్టే. దాని వెంట జలజలమని రాలిన చప్పుడు.

"ఇక్కడికొచ్చి చూడండి" అంది అక్క కింది నుంచే. "మీ పనివాళ్ళు కూర్చునేది దీని మీదే."

కాంట్రాక్టరు బావకేసి చూశాడు. బావ ఏదో నవ్వబోయాడు, నవ్వు కుదరలేదు. కాంట్రాక్టరు ఆయాసపడుతూ మోకాళ్ళ మీదికి దిగి, చేతిఫోన్ దీపం వేసి, చాలాసేపు చూశాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పన్నెండుమందిని ఎక్కిద్దామనుకున్నానండీ అని మాత్రం అన్నాడు. బావతో కాదు, అప్పుడే బయటికి వచ్చి లేచి నిలబడుతున్న అక్కతో. ఆమె జుట్టంతా గోధుమరంగు పొడి. ఆయన వెళుతూ వెళుతూ గేటు జాగ్రత్తగా దగ్గరికి వేసి వెళ్ళాడు.

ఇంటి పరువు రోడ్డున పెట్టావన్నాడు బావ. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికెళ్ళి ఫోన్ తెచ్చుకుంది. పాత సామాను కొట్టువాళ్ళకు చేసి, క్రేను పంపండి, పెద్ద బండి ఒకటి ముక్కలు చేయాలి అని ఇంటి గుర్తులు చెప్పింది. బావ అడ్డంగా వచ్చి, బండి తన పేరున ఉందనీ, ఏం చేయాలో తాను చూసుకుంటాననీ, ఇంకో చోట అమ్ముకుంటాననీ అరిచాడు. అక్క మేకుకు తగిలించిన తాళాలు తీసుకొచ్చి ఆయన ముందు పట్టుకుంది.

"సరే. అయితే మీరే నడుపుకుంటూ తీసుకెళ్ళండి. కొండ మీదుగా వెళ్ళండి. అవతలి ఊళ్ళో అమ్ముకోండి."

బావ తాళాలకేసి చూశాడు. అక్క చేయి చాపి అలాగే నిలబడింది. బావ చేయి లేవలేదు. కాసేపటికి ఆయన బానెట్ మూసి, గట్టిగా నొక్కి, అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. అక్క తాళాలను బండి పైకప్పు మీద పెట్టింది.

క్రేను వచ్చేసరికి పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది. డాక్టరు వెళ్ళి వాళ్ళను నడిపించుకుని తీసుకొచ్చి, అరుగు మెట్ల మీద అక్క దగ్గర నిలబెట్టింది. మందులపెట్టె ఆమె స్కూటరు మీదికి మారింది. మళ్ళీ బండి వెతుక్కోవాలి. ఈసారి ఎవరి తల ఊపూ అక్కర్లేదు.

క్రేనువాడు నడివయసు మనిషి, మాట తక్కువ. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక వంగి, గొలుసు రెండు పక్కలా చుట్టి, లాగి చూసి, మళ్ళీ విప్పి ఇంకొంచెం లోపలికి కట్టాడు. అందరినీ దూరంగా జరగమన్నాడు. క్రేను మూలిగింది. గొలుసు బిగిసింది. వెనక చక్రాలు నేల వదిలి జానెడు పైకి లేచాయి.

పెద్ద శబ్దం ఏమీ రాలేదు. నానిన అట్టపెట్టె చిరిగినట్టు ఒక మెత్తటి చప్పుడు. కుడిపక్క దూలం విడిపోయింది. బండి నడుము దగ్గర మడతపడి, వెనక తలుపు దానంతట అది తెరుచుకుని, పిల్లలు కూర్చునే సీటు నేలకు దిగింది. నల్లటి రంగు పెచ్చులు వాకిట్లో చెల్లాచెదరుగా పడ్డాయి. పాప తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

క్రేనువాడు చేత్తో నోరు మూసుకుని నిలబడిపోయాడు. తన తప్పే అనుకున్నాడు పాపం. గొలుసు దగ్గరికి పరుగెత్తి, ముడిని తడిమి తడిమి చూసుకుంటున్నాడు.

అరుగు మీద నుంచి బావ దిగ్గున లేచాడు. ఆయన ముఖంలోకి రంగు మళ్ళీ వచ్చింది.

"గొలుసు కట్టడం కూడా రాదురా నీకు? పని రానివాళ్ళని పంపిస్తే ఇంతే. బండి నడుం విరగ్గొట్టావు కదా."

క్రేనువాడు గొలుసు వదిలేసి తల దించుకున్నాడు.

అక్క పాప చేతిని చెల్లెలికి అందించింది. మెట్లు దిగి, రాలిన పెచ్చుల మీదుగా నడిచి, ఆ మనిషి పక్కకు వెళ్ళి నిలబడింది. మొగుడి వైపు చూడలేదు.

"కంగారు పడకన్నా. నువ్వు సరిగ్గానే కట్టావు. నేను చూస్తూనే ఉన్నాను."

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, గొలుసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.